జిడ్డుకి సబ్బు, తెల్లపొరకి నిమ్మ ఉప్పు, పసుపుకి వేరే మందు

నమస్తే అండీ! ఇవాళ వంటింటి క్లీనింగ్. ఘాటు స్ప్రేలు పక్కన పెట్టేసి, ఏ మరకకి ఏది పనిచేస్తుందో చూద్దాం.

ముందు స్టవ్ పైన మైక్రోవేవ్ హుడ్. అమెరికాలో చాలా అపార్ట్‌మెంట్లలో ఇది పొగని బయటికి పంపదు, జాలీలోంచి లాగి మళ్లీ ఇంట్లోకే వదులుతుంది. రోజూ తాలింపు పెట్టే ఇంట్లో ఫిల్టర్ ఇదిగో, ఇలా తయారవుతుంది. వేలు ఆనిస్తే బంకలా సాగుతోంది చూశారా? వేడికి, గాలికి నూనె ముదిరిపోయింది. దీని మీద వెనిగర్ ఎంత కొట్టినా దండగే. జిడ్డుకి పులుపు కాదు, సబ్బూ వేడీ కావాలి.

సింక్‌లో బాగా వేడి నీళ్లు పట్టి, పావు కప్పు బేకింగ్ సోడా, ఒక టేబుల్ స్పూన్ గిన్నెల సబ్బు కలపండి. ఫిల్టర్ ముంచి 15 నిమిషాలు ఆగి, గ్లవ్స్ వేసుకుని పాత టూత్ బ్రష్‌తో గళ్ల వెంబడి రుద్దండి. రాత్రంతా నానబెట్టకండి, అల్యూమినియం నల్లబడొచ్చు. లోపల బొగ్గు ఫిల్టర్ ఇంకోటి ఉంటుంది. దాన్ని కడగకూడదు, మార్చాల్సిందే.

ఇదే సోడా పసుపు మరక దగ్గర ఎదురు తిరుగుతుంది. తెల్ల కౌంటర్ మీద పసుపు పడిందని సోడా చల్లారనుకోండి, మరక కాస్తా ఎర్రబడుతుంది. భయపడక్కర్లేదు, మన పారాణి సంగతే ఇది. పసుపులో సున్నం కలిపితే ఎర్రనవుతుంది కదా, క్షారం ఏది తగిలినా అంతే. దీనికి మందు ఫార్మసీలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. ముందు ఓ మూల కొద్దిగా రాసి చూడండి. రంగు మారకపోతే, పేపర్ టవల్ తడిపి మరక మీద పరిచి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పి అరగంట ఉంచి తుడిచేయండి. పెరాక్సైడ్‌ని అందమైన గాజు సీసాలోకి ఒంపకండి. వెలుతురు తగిలితే చచ్చిపోతుంది, అందుకే దానికి ఆ ముదురు గోధుమ రంగు సీసా. పసుపెక్కిన ప్లాస్టిక్ డబ్బాలకైతే ఇదీ అక్కర్లేదు. కడిగి ఎండ పడే కిటికీలో పెట్టండి, కొన్ని ఎండలకి రంగు వెలిసిపోతుంది.

ఇక కెటిల్. శాన్ ఆంటోనియో లాంటి సున్నపురాతి నీళ్ల ఊళ్లలో అడుగున తెల్లపొర గట్టిగా పట్టేస్తుంది. లీటరు నీళ్లకి ఒక టేబుల్ స్పూన్ నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి మరిగించి, 20 నిమిషాలు ఆగి పారబోసి, మంచినీళ్లు ఒకసారి కాచి పారబోయండి. పొర బుసబుసమంటూ కరిగిపోతుంది. ఆ పొర కాల్షియం కార్బొనేట్, పాలరాయి కూడా అదే. అందుకే ఇత్తడి దీపాలని చింతపండుతో తోమేటప్పుడు ఆ రసం పాలరాతి మందిరం మీద చుక్క కూడా పడకూడదు. పడిన చోట మెరుపు పోయి మచ్చ మిగులుతుంది, తుడిస్తే పోదు.

సోడాలో వెనిగర్ పోసి పొంగు చూపించే వీడియోలు బోలెడు. కెమెరాకి బాగుంటుంది గానీ, రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. పొంగు అణిగాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. ఆ మిశ్రమాన్ని సీసాలో పోసి మూత బిగిస్తే మాత్రం పేలొచ్చు.

బ్లీచ్ అసలే వద్దా అంటే, పచ్చి చికెన్ కడిగిన సింక్‌కి వాడొచ్చు. ముందు సబ్బుతో కడగాలి, జిడ్డు మీద బ్లీచ్ సరిగా పనిచేయదు. దాదాపు లీటరు చన్నీళ్లకి 4 టీ స్పూన్లు కలిపి, కనీసం ఒక నిమిషం తడిగా ఉంచి, నీళ్లతో కడిగేయండి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. కిటికీ తెరిచే ఉంచండి. బ్లీచ్‌కి వెనిగర్, నిమ్మ ఉప్పు, యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్ ఏది తగిలినా క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌తో కలిస్తే క్లోరమైన్, అదీ విషవాయువే. కళ్లు మండినా, దగ్గు వచ్చినా అక్కడ తుడుస్తూ నిలబడకండి. పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చేసి, పాయిజన్ కంట్రోల్‌కి ఫోన్ చేయండి: 1-800-222-1222. ఊపిరి ఆడకపోతే నేరుగా 911.