నాలుగు రోజుల పుష్కరం
(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం ఓ గంట కరెంటు పోతే బాగుంటుంది, నక్షత్రాలు బాగా కనిపిస్తాయి అన్నాను నిర్వాహకులతో. వాళ్లేమీ నవ్వలేదు.

గోదావరి ఒడ్డువాళ్లకు పుష్కరం గురించి నేను చెప్పక్కర్లేదు. 2003లో వచ్చింది, 2015లో వచ్చింది, మళ్లీ 2027లో. పన్నెండేళ్లే ఎందుకు? గురుడు, అదే బృహస్పతి గ్రహం, సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి దాదాపు అంత కాలం పడుతుంది. ఈ పన్నెండును కాస్త గుర్తుపెట్టుకోండి. ఇవాళ్టి కథలో అందర్నీ తప్పుదారి పట్టించింది అదే.

ఇంకో సూర్యుడి చుట్టూ గ్రహాలున్నాయా అని వెతికేవాళ్లు 1980ల నాటికే ఉన్నారు. గ్రహం నేరుగా కనిపించదు, నక్షత్రం వెలుగులో మునిగిపోతుంది. మరెలా? ఒప్పులకుప్ప ఆట గుర్తు తెచ్చుకోండి. పెద్దక్క, ఏడేళ్ల చెల్లి చేతులు పట్టుకుని తిరుగుతున్నారు. చెల్లి గిర్రున పెద్ద చుట్టు చుడుతుంది. అక్క ఉన్నచోటే ఉన్నట్టుంటుంది కానీ పాదాలు చూడండి, వెనక్కి వాలి తనూ ఓ చిన్న చుట్టు తిరుగుతూ ఉంటుంది. చీకట్లో చెల్లి కనపడకపోయినా, అక్క ఊగడం చూసి ఆ చేతుల చివర ఎవరో ఉన్నారని చెప్పేయొచ్చు.

గురుడి వల్ల మన సూర్యుడూ అలాగే ఊగుతాడు. ఎంత వేగంతో? సెకనుకు పన్నెండు, పదమూడు మీటర్లు. ఊళ్లో స్కూటర్ మీద పోయేంత! అంత చిన్న వేగాన్ని కొన్ని కోట్లకోట్ల కిలోమీటర్ల దూరం నుంచి పట్టుకోవాలి. నక్షత్రపు వెలుగును ఇంద్రధనుస్సులా విడదీస్తే అందులో సన్నని నల్లగీతలు వేలల్లో కనిపిస్తాయి. నక్షత్రం మనవైపు వస్తుంటే అవి నీలం వైపు, దూరంగా పోతుంటే ఎరుపు వైపు జరుగుతాయి. ఆ జరగడం వెంట్రుకవాసి కూడా ఉండదు.

గురుడి లాంటి గ్రహం ఒక చుట్టు తిరగాలంటే పన్నెండేళ్లు. అంటే వెతికేవాళ్లూ ఓ పుష్కరకాలం ఓపిక పట్టాల్సిందే అని అందరూ లెక్కేసుకున్నారు. అమెరికాలో జెఫ్రీ మార్సీ, పాల్ బట్లర్ 1987 నుంచి లిక్ వేధశాలలో కొలుస్తూనే ఉన్నారు. కొలిచిన డేటా చాలావరకు విశ్లేషించకుండానే పోగుపడింది. కంప్యూటర్లు నెమ్మదిగా నడిచే రోజులు. ఏళ్ల తరబడి చూస్తే తప్ప తేలని విషయానికి తొందరేముంది అనుకున్నారు.

ఇటు దక్షిణ ఫ్రాన్స్‌లో, ఓట్-ప్రొవాన్స్ వేధశాలలో, ఎలోడీ అనే కొత్త పరికరం బిగించారు. జెనీవా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ మిషెల్ మయోర్, ఆయన శిష్యుడు డిడియే కెలో దాంతో పని చేస్తున్నారు. కెలోకు అప్పటికి 28 ఏళ్లు, పీహెచ్‌డీ ఇంకా చేతికి రాలేదు. గురువుగారేమో హవాయిలో ఉన్నారు. 51 పెగాసీ అనే నక్షత్రం వేగం చూసిన ప్రతిసారీ వేరేగా వస్తోంది. పాపం కుర్రాడికి ఎంత టెన్షన్! గ్రహం దొరికిందని గంతులేయలేదు, పరికరం పాడైందో, తను రాసిన ప్రోగ్రామ్‌లో తప్పుందో అనుకున్నాడు. ఎక్కడ వెతికినా తప్పు దొరకలేదు. అంకెల్ని వరుసలో పెడితే సెకనుకు 59 మీటర్ల ఊపు. ఒక చుట్టుకు పట్టే కాలం 4 రోజుల 5 గంటల 32 నిమిషాలు.

నాలుగు రోజులు! పుష్కరం నాలుగు రోజులకోసారి వస్తుందంటే ఎవరు నమ్ముతారు?

వాళ్లూ తొందరపడలేదు. ఆ నక్షత్రం కొన్ని నెలలు సూర్యుడి చాటుకు పోతుంది. అది మళ్లీ బయటికొచ్చాక ఏ రాత్రి ఎంత వేగం ఉండాలో ముందే లెక్కగట్టి పెట్టుకున్నారు. 1995 జులైలో చూస్తే లెక్క అచ్చంగా సరిపోయింది. అక్టోబర్ 6న ఇటలీలోని ఫ్లారెన్స్‌లో ప్రకటించారు. మార్సీ, బట్లర్ వెంటనే లిక్‌లో అదే నక్షత్రాన్ని చూసి నిజమేనన్నారు. ఆ తర్వాత తమ పాత డేటాను తిరగేశారు. అందులోంచి రెండు గ్రహాలు బయటపడ్డాయి! ఆ కాగితాలు అన్నేళ్లూ వాళ్ల బల్ల మీదే ఉన్నాయి. నాకైతే ఈ కథలో ఫ్లారెన్స్ సభ కన్నా ఆ బల్లే ఎక్కువ గుర్తుంటుంది.

ఇంకో మాట. నాలుగు రోజుల్లో చుట్టి రావాలంటే గ్రహం తన నక్షత్రానికి బాగా దగ్గరగా ఉండాలి. ఇలా దగ్గరగా తిరిగే పెద్ద గ్రహాలు ఉండొచ్చు, వెతికి చూడండి అని ఓటో స్ట్రూవే అనే ఖగోళవేత్త 1952లోనే రాశారు. పట్టించుకున్నవాళ్లు లేరు.

ఆ గ్రహం సంగతి చెబుతాను. గురుడి బరువులో దాదాపు సగం ఉంటుంది, ఇంకాస్త ఎక్కువే కావచ్చు. అందుకే 2015లో దానికి డిమిడియం అని పేరు పెట్టారు, లాటిన్‌లో సగం అని అర్థం. తన సూర్యుడికి 80 లక్షల కిలోమీటర్ల లోపే తిరుగుతుంది. మన బుధుడు సగటున 5 కోట్ల 80 లక్షల దూరంలో ఉన్నాడు, పోల్చుకోండి. వేడి దాదాపు 1,000 డిగ్రీల సెల్సియస్. అంత వేడిలో అంత పెద్ద వాయుగోళం పుట్టడం కష్టం గనుక, దూరంగా పుట్టి లోపలికి జరిగి వచ్చిందని ఎక్కువమంది అభిప్రాయం. అక్కడ ఎవరూ పుట్టే వీల్లేదు కానీ, ఒకవేళ పుడితే మన లెక్కలో ఎనిమిది నెలల పైచిలుకుకే షష్టిపూర్తి చేయాలి.

2019లో మయోర్, కెలో ఇద్దరికీ కలిపి భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం వచ్చింది. మళ్లీ సగమే చూడండి! ఇవాళ తెలిసిన గ్రహాల సంఖ్య 6,000 దాటింది. ఇదే ఊపును కొలిచే పరికరం మన దేశంలో మౌంట్ ఆబూ మీదా ఉంది, పేరు పారస్.

ఇక డాబా మీదికి పోదాం. ఈ వేళకు నడినెత్తిన నాలుగు నక్షత్రాలు పెద్ద చదరంలా కనిపిస్తాయి. పడమటి అంచున ఉన్న రెండూ మన పంచాంగంలోని పూర్వాభాద్ర. తూర్పువి ఉత్తరాభాద్ర. పూర్వాభాద్ర రెంటినీ గీతతో కలిపి, దాదాపు మధ్యలో, గీతకు కొంచెం పడమరగా బైనాక్యులర్ పెట్టండి. మసగ్గా ఉండే చుక్క, అదే 51 పెగాసీ. అక్కడి వెలుగు 50 ఏళ్ల కింద బయల్దేరింది, కాబట్టి మొదటి వరుసలోని మాస్టారు కుర్రాడిగా ఉన్నప్పటిదన్నమాట.

మెట్లు ఎడమవైపు. పిల్లలు ముందు వెళ్లండి. బైనాక్యులర్ తాడు మెడలో వేసుకోండి, కిందటేడు ఒకటి పడేశారు.