కాసు నకలైతే నగ కూడా నకిలీనా?

[తెర మీద: ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధి. తర్వాత నల్లగుడ్డ మీద పాత కాసుల దండ]

నమస్తే. బంగారం వ్యాపారం వల్లే మన ప్రొద్దుటూరుకు రెండో బొంబాయి అని పేరొచ్చింది. ఇక్కడికి మారకానికి వచ్చే పాత నగల్లో కాసుల దండలూ ఉంటాయి. "ఇవి అసలు నాణేలు కావమ్మా" అనగానే ఇంటివాళ్లు దిగాలుపడి, సరే కరిగించేయండి అంటారు. నా బాధంతా అక్కడే. నాణెం అసలుదా, బంగారం మంచిదా, నగ పాతదా అనేవి మూడు వేరువేరు ప్రశ్నలు. మొదటిదానికి కాదు అని జవాబొచ్చినా, మిగతా రెండింటికీ అవును అని రావచ్చు.

[దగ్గరగా: వెనిస్ డ్యూకట్, పక్కన దాని నకలు]

వెనిస్ డ్యూకట్‌నే చూడండి. ఇటలీలోని వెనిస్‌లో 1284 నుంచి 1797 దాకా ముద్రించిన బంగారు నాణెం, సుమారు మూడున్నర గ్రాములు. మిరియాలు, బట్టల వ్యాపారంతో దక్షిణాదికి వచ్చింది. దాని బంగారం మీద ఎంత గురి కుదిరిందంటే, మన కంసాలులే అచ్చులు చెక్కి నగల కోసం అలాంటి బిళ్లలు కొట్టారు. అసలు నాణెం మీద ఒకవైపు సెయింట్ మార్క్ ముందు వెనిస్ పాలకుడు మోకరిల్లి ఉంటాడు. రెండోవైపు చుక్కల మధ్య ఏసుక్రీస్తు. చుట్టూ లాటిన్ అక్షరాలు. ఆ లిపి రాని చేయి చెక్కింది కాబట్టి నకలులో అక్షరాలు ఉత్త గీతలు, సున్నాలు అయిపోతాయి. మనుషులు పుల్లబొమ్మల్లా సన్నబడతారు. భూతద్దంలో ఇలా కనిపిస్తే అది వెనిస్ నాణెం కాదు. అయినా ఆ పనితనం మనవాళ్లది. దయచేసి దాన్ని చెత్త కింద లెక్కకట్టకండి.

[దగ్గరగా: సవరన్ కాసు, తూకం యంత్రం]

బ్రిటిష్‌వాళ్ల బంగారు నాణెం సవరన్ అయితే తూకమే సగం సంగతి చెప్పేస్తుంది. 22 క్యారెట్లు, 7.98 గ్రాములు, అడ్డంగా 22 మిల్లీమీటర్లు. కొక్కెంతో కలిపి కూడా అంత తూగకపోతే అనుమానించండి. తర్వాత ఏడాదిని, బొమ్మను కలిపి చూడండి. 1893 నుంచి విక్టోరియా రాణి తల మీద ముసుగుతో, వయసు మళ్లిన ముఖంతో ఉంటుంది. 1895 అని రాసి ఉండి పడుచు రాణి కనిపించిందా, అది నకలే.

మన కాసులపేరులోని లక్ష్మీ బిళ్లలతో ఈ గొడవే లేదు. అవి రేకును అచ్చులో ఒత్తి చేసినవి. ముందు ఉబ్బెత్తుగా ఉన్న బొమ్మ చాలావాటికి వెనక గుంటగా కనిపిస్తుంది.

[తెర మీద: కృష్ణదేవరాయల వరహా]

పొలంలో రాయల కాలం కాసులు దొరికాయని ఎవరైనా చెవిలో చెబితే మాత్రం జాగ్రత్త. తొలకరి పడితే జొన్నగిరి, వజ్రకరూరు పొలాల్లో వజ్రాలు వెతికే సీమ మనది, అందుకే ఇలాంటి మాట తొందరగా నమ్ముతాం. కృష్ణదేవరాయల వరహా చిటికెన వేలి గోరంత, సుమారు 3.4 గ్రాములు. ఒకవైపు కూర్చున్న బాలకృష్ణుడు, రెండోవైపు నాగరి లిపిలో "శ్రీ ప్రతాప కృష్ణరాయ". రాయలవారి ముఖం, తెలుగు అక్షరాలు ఉన్న పెద్ద బిళ్ల చూపిస్తే అక్కడే ఆగిపోండి.

[చాలా దగ్గరగా: కొక్కెం, టంకం వేసిన చోటు]

ఇక నగ వయసు. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కాసును వదిలేసి కొక్కెం చూడండి. ఏళ్ల తరబడి దారానికో గొలుసుకో రాసుకున్న కొక్కెం లోపలివైపు, సరిగ్గా పైభాగంలో, అరిగి సన్నబడుతుంది. చేత్తో లాగిన తీగ అంతటా ఒకే మందంలో ఉండదు. కాసు వెనకవైపు గుండెలకు, రవికకు తగిలి నునుపెక్కుతుంది. మురికి అక్షరాల సందుల్లో, టంకం అంచుల్లో మాత్రమే పేరుకుంటుంది. పాతదిగా చూపించడానికి మందు పూసిన నగలో నలుపు అంతటా ఒకేలా ఉంటుంది, కొక్కేలన్నీ కొత్తగా గుండ్రంగా ఉంటాయి.

గీటురాయి మీద కొక్కెం ఒక్కటే గీస్తే కాసు నాణ్యత తెలియదు. క్యారెట్ యంత్రం కూడా పైపొరనే చదువుతుంది, మందంగా పూత ఉంటే మోసపోతుంది. అందుకే కాసును విడిగా, రెండు మూడు చోట్ల చూపించమని అడగండి. మొహమాటం వద్దు, అది మీ సొత్తు.

నగను ఇచ్చేముందు ప్రతి కాసుకూ రెండువైపులా ఫోటో తీసి, బరువు రాసి పెట్టుకోండి. నూరేళ్లు దాటిన నాణేలను సొంతంగా విదేశాలకు పంపడానికి 1972 నాటి పురాతన వస్తువుల చట్టం ఒప్పుకోదు. భూమిలో నిజంగానే కాసులు దొరికితే కలెక్టరుకు తెలపాలి, అంగడికి తీసుకెళ్లకూడదు.