మత్తులో ఉన్న మెదడు చెప్పేది ఎంతవరకు నమ్మాలి?

నిర్వాహకురాలు: నమస్కారం. మెదడు జబ్బులకు మందు కనిపెట్టే ప్రయత్నంలో ఎలుకల మెదడు స్కాన్లు చాలా తీస్తారు. ఎలుక కదిలితే బొమ్మ చెడిపోతుంది కాబట్టి మత్తు ఇస్తారు. కానీ మత్తు పనిచేసేది మెదడు మీదే. అలాంటప్పుడు తెర మీద మనం చూస్తున్నది మెదడు పనినా, మత్తు ప్రభావాన్నా? చర్చకు ముగ్గురు వచ్చారు: ఎలుకల్లో ఫంక్షనల్ ఎంఆర్ఐ, అంటే మెదడు పనిని చూపే స్కాన్, చేసే న్యూరోసైంటిస్టు, జంతువులకు మత్తు ఇచ్చే పశువైద్య నిపుణులు, మనుషుల స్కాన్లు చదివే రేడియాలజిస్టు. మేడమ్, మీతో మొదలుపెడదాం.

న్యూరోసైంటిస్టు: ఇది కొత్తగా పుట్టిన అనుమానం కాదండీ. 1990లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో సెయ్‌జీ ఒగావా బృందం, రక్తంలో ఆక్సిజన్ మారితే ఎంఆర్ఐ సంకేతం మారుతుందని ఎలుకల్లో చూపించింది. ఈనాటి ఫంక్షనల్ ఎంఆర్ఐ అంతా దాని మీదే నిలబడింది. మత్తుమందు మారిస్తే సంకేతం మారుతుందని ఆ పేపర్లోనే ఉంది. అంటే ఈ పద్ధతి పుట్టిన రోజు నుంచీ మనకు తెలుసు. తెలిసి కూడా తర్వాత ఎన్నో పేపర్లలో మత్తు గురించి ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లిపోయారు. అదే నా బాధ.

నిర్వాహకురాలు: సార్, మత్తు అసలు ఏం చేస్తుంది?

పశువైద్యులు: ముందు ఒక సంగతి చెప్పాలి. ఫంక్షనల్ ఎంఆర్ఐ నరకణాల్ని నేరుగా చూడదు. కణం పనిచేస్తే అక్కడికి రక్తం ఎక్కువగా వస్తుంది, మెషిన్ ఆ రక్తాన్ని చూస్తుంది. పొయ్యి కనపడనప్పుడు పొగను చూసి మంట ఎంత ఉందో అంచనా వేసినట్టు. ఇప్పుడు పీల్చే మత్తుమందు ఐసోఫ్లూరేన్‌నే ఉదాహరణగా చూడండి. అది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. కణాలేమో నెమ్మదిస్తాయి, రక్తమేమో పెరుగుతుంది. డోసు ఇంకా పెంచితే మెదడు కాసేపు పూర్తిగా సద్దుమణిగి, ఒక్కసారిగా ఎగసి, మళ్లీ సద్దుమణుగుతుంది. ఆ ఎగసిపాటు మెదడంతా ఒకేసారి వస్తుంది కాబట్టి, దూరదూరంగా ఉన్న భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు స్కాన్‌లో కనపడుతుంది. నిజానికి అది మందు లయ.

మెడిటోమిడిన్ అనే ఇంకో మత్తుమందు దీనికి తిరగేసినట్టు: నాళాలు కుంచించుకుపోతాయి, గుండె వేగం బాగా పడిపోతుంది. మంచి సంగతి ఏమిటంటే దానికి విరుగుడు మందు ఉంది. ఎలుకను లేపి, కొన్నాళ్లకు అదే ఎలుకను మళ్లీ స్కాన్ చేయొచ్చు. యూరేథేన్ అనే మత్తుమందు అయితే క్యాన్సర్ కలిగించే పదార్థం, ఆ ఎలుక మళ్లీ లేవదు.

రేడియాలజిస్టు: ఊపిరి సంగతి కూడా చెప్పండి సార్.

పశువైద్యులు: అవును, చాలామంది మరిచిపోయేది అదే. మత్తులో శ్వాస మందగిస్తుంది, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, దాంతో మెదడు నాళాలు ఇంకా విప్పారతాయి. ఒంటి వేడి పడిపోతే ఇంకో మార్పు. రెండు గుంపుల ఎలుకల మధ్య తేడా అంటే అది జబ్బు తేడా అయి తీరాలని లేదు, ఒక గుంపు చల్లబడి ఉండొచ్చు.

రేడియాలజిస్టు: నేను అడ్డుప్రశ్న వేస్తాను. 2007లో మకాక్ కోతులకు ఐసోఫ్లూరేన్ ఇచ్చి స్కాన్ చేస్తే, మనుషుల్లో కనిపించే మెదడు నెట్‌వర్క్‌లను పోలినవే కనపడ్డాయి. మత్తు అంతా పాడుచేస్తే అవెలా మిగిలాయి?

న్యూరోసైంటిస్టు: మంచి ప్రశ్న. 2015లో పారిస్ బృందం మకాక్‌లను మెలకువలోనూ ప్రొపొఫోల్ మత్తులోనూ పోల్చింది. మెలకువలో మెదడు భాగాల మధ్య పొత్తు క్షణక్షణం మారుతూ రకరకాల రూపాలు తీసుకుంది. మత్తులో ఆ రకాలు తగ్గి, నరాల తీగలు ఎక్కడెక్కడికి వెళ్తాయో ఆ అమరికకు దగ్గరగా ఉండిపోయింది. కాబట్టి నెట్‌వర్క్ కనపడటం నిజమే. కానీ అది రోడ్ల మ్యాప్, వాటి మీద నడిచే రాకపోకలు కాదు.

నిర్వాహకురాలు: మత్తు వల్ల పెద్ద వివాదం వచ్చిన సందర్భం ఏదైనా ఉందా?

న్యూరోసైంటిస్టు: ఇప్పటికీ నడుస్తోంది. 2013లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ బృందం ఎలుక నిద్రపోయినా, కెటమిన్-జైలజీన్ మత్తులో ఉన్నా మెదడు కణాల మధ్య ఖాళీ 60 శాతం పెరుగుతుందనీ, నిద్రలో మెదడు చుట్టూ ఉండే ద్రవం లోపలికి చేరి వ్యర్థాలను బాగా కడిగేస్తుందనీ చెప్పింది. నిద్ర మెదడును శుభ్రం చేస్తుందనే మాట ఇంటింటికీ వెళ్లింది. తర్వాత 2019లో ఆరు రకాల మత్తులు పోల్చి చూస్తే, ఆ ద్రవం లోపలికి చేరే తీరు ఏ మందు ఇచ్చామన్నదాన్ని బట్టి మారిపోయింది. 2024లో లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం ఇంకో పద్ధతిలో కొలిచి, నిద్రలోనూ మత్తులోనూ శుభ్రత తగ్గుతుందని రాసింది. కొలిచే పద్ధతి మీదే ఈ బృందాల మధ్య గొడవ ఉంది. కానీ ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను: నిద్రకు బదులుగా ఏదో ఒక మత్తు పెట్టి, అదే నిద్ర అనుకోవడం కుదరదు.

నిర్వాహకురాలు: అయితే మెలకువలోనే స్కాన్ చేయొచ్చుగా?

పశువైద్యులు: చేస్తున్నారు. తల కదలకుండా పట్టే అమరిక, మెషిన్ శబ్దం, ఇరుకు గొట్టం — వీటికి రోజుల తరబడి అలవాటు చేయాలి. అలవాటు సరిగా కాకపోతే అది భయపడిన ఎలుక స్కాన్ అవుతుంది. ఆందోళన కూడా మెదడును మారుస్తుంది కదా. తల పట్టే స్తంభం పెట్టాలంటే ముందు ఆపరేషన్, దానికి మళ్లీ మత్తు. హడావుడిగా 'మత్తు మానేయండి' అనేవాళ్లతో నేను ఏకీభవించను. జంతువు బాధ కూడా లెక్కలోకి రావాలి.

రేడియాలజిస్టు: పెట్ స్కాన్‌లో, అంటే కొద్దిగా రేడియోధార్మిక పదార్థం ఎక్కించి అది ఎక్కడ చేరిందో చూసే స్కాన్‌లో, ఒక మధ్యదారి ఉంది. ఎఫ్‌డీజీ అనే చక్కెర లాంటి పదార్థం కణంలోకి వెళ్లి అక్కడే చిక్కుకుపోతుంది. దానికి అతికించిన రేడియోధార్మిక ఫ్లోరిన్-18 సగం తగ్గడానికి దాదాపు 110 నిమిషాలు పడుతుంది. కాబట్టి ఎలుక మెలకువగా తిరుగుతుండగానే ఎఫ్‌డీజీ ఎక్కించి, మెదడు దాన్ని తీసుకున్నాక మత్తిచ్చి స్కాన్ చేయొచ్చు. ముందే కెటమిన్-జైలజీన్ ఇస్తే రక్తంలో చక్కెర పెరిగి, మెదడుకు చేరే ఎఫ్‌డీజీ తగ్గుతుంది. మనుషుల్లో కూడా స్కాన్‌కు ముందు షుగర్ చూసేది అందుకే.

న్యూరోసైంటిస్టు: ఎంఆర్ఐ విషయంలో ఆశ కలిగించేది 2023 నాటి పని. 46 కేంద్రాల నుంచి ఎలుకల స్కాన్లు, మొత్తం 65 స్కాన్ల సమూహాలు, ఒకచోట చేర్చి, ఒక ఉమ్మడి పద్ధతి తయారుచేశారు. తక్కువ డోసు ఐసోఫ్లూరేన్‌కు మెడిటోమిడిన్ కలుపుతారు. ఒకటి నాళాల్ని విప్పితే ఇంకోటి కుంచిస్తుంది, రెండూ తక్కువే సరిపోతాయి. ఒక ల్యాబ్ స్కాన్‌ను ఇంకో ల్యాబ్‌తో పోల్చాలంటే ఇలాంటి ఒప్పందం ఉండి తీరాలి.

నిర్వాహకురాలు: ఆ పద్ధతి ఉంటే సమస్య తీరినట్టేనా?

న్యూరోసైంటిస్టు: లేదండీ. కొత్త మందును పరీక్షించేటప్పుడు అది కూడా ఇబ్బందే. మెడిటోమిడిన్ నార్‌అడ్రినలిన్ గ్రాహకాల మీద, అంటే ఆ రసాయనం సందేశాన్ని అందుకునే కణాల చోట్ల మీద, కూర్చుంటుంది. మీరు పరీక్షించే మందు కూడా ఆ గ్రాహకాల కోసమే తయారైతే? కెటమిన్‌నే తీవ్రమైన డిప్రెషన్‌కు వైద్యంగా వాడుతున్నారు, దానిలాంటి మందును కెటమిన్ మత్తులో ఎలా చూస్తారు? ఏ ప్రశ్న అడుగుతున్నామో తేల్చుకున్నాకే మత్తు ఎంచుకోవాలి.

పశువైద్యులు: ఎంచుకున్నాక డోసు, మత్తిచ్చాక ఎన్ని నిమిషాలకు స్కాన్ మొదలైంది, ఒంటి వేడి, శ్వాస, కార్బన్ డయాక్సైడ్ — ప్రతి ఎలుకకూ విడివిడిగా రాసి పేపర్‌తో పాటు ఇవ్వాలి. నేను సమీక్షించే ప్రతి పేపర్‌కూ ఇదే అడుగుతాను. లేకపోతే వెనక్కి పంపుతాను.