కోడిగుడ్లు కడిగి ఫ్రిజ్‌లో పెడుతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఇదిగో చూడండి, మా నల్లపెట్ట ఇప్పుడే పెట్టిన గుడ్డు. ఇంకా వెచ్చగానే ఉంది. కెమెరా దగ్గరికి తెస్తాను... పైన తడిగా మెరుస్తోంది, కనిపిస్తోందా? కాసేపు ఇలా వదిలేస్తే ఆ తడి ఆరిపోయి, పెంకు కాస్త పొడిగా, మెరుపు తగ్గినట్టు అయిపోతుంది. ఆరిపోయిన ఆ పొర గురించే ఈ వీడియో అంతా.

నమస్తే అండీ. కిందటిసారి మా పెరటి కోళ్లని చూపించాక చాలామంది ఒకటే అడిగారు. "గుడ్లు ఇంటికి తేగానే శుభ్రంగా కడిగి, ఫ్రిజ్‌లో సర్దేస్తున్నాం, అంతేగా?" అని. అంతే కాదండీ. దాచుకునే గుడ్డుని కడగకూడదు. వండుకునే ముందు కడుక్కోవచ్చు. ఈ రెండింటికీ తేడా తెలియక నేను ఒకసారి బోలెడు గుడ్లు పారబోశాను.

నాలుగేళ్ల కిందట మాట. ఊరి నుంచి ముప్పై నాటుగుడ్లు వచ్చాయి. కొన్నిటికి రెట్ట అంటుకుని ఉంది. నేనేమో గిన్నెలు తోమే సబ్బు నీళ్లు టబ్బులో పోసి, అన్నీ అందులో నానబెట్టి, రుద్ది కడిగి, తడితడిగానే ఫ్రిజ్ డోరులో పెట్టేశాను. పది రోజులు తిరక్కుండానే పిల్లాడికి ఆమ్లెట్ వేద్దామని ఒకటి కొడితే, పచ్చసొన నల్లబడిపోయి ఇల్లంతా కంపు. రెండోదీ అంతే. ఒక్కొక్కటీ కొట్టి చూస్తే సగానికి పైగా మురిగిపోయాయి. ఫ్రిజ్‌లో పెట్టినా ఎందుకు మురిగాయో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు చెప్తాను. పెంకు చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ, దాని నిండా కంటికి కనపడని రంధ్రాలు. ఒక్క గుడ్డుకి ఏడు వేల నుంచి పదిహేడు వేల దాకా ఉంటాయి. లోపల పిల్ల పెరిగితే దానికి గాలి కావాలి కదా, అందుకు. మరి గాలి వెళ్లే దారిలో క్రిమి కూడా వెళ్లగలదు. అందుకే పెట్ట గుడ్డు పెట్టేటప్పుడే ఆ రంధ్రాల మీద సన్నటి మాంసకృత్తుల పూత ఒకటి వేసి పంపుతుంది. ఇందాక తడిగా మెరిసింది అదే. నీళ్లలో నానబెట్టి రుద్దామంటే అది పోతుంది, తలుపులు తెరుచుకుంటాయి.

అంతకంటే పెద్ద తప్పు చన్నీళ్లు. ఇది కాస్త నిదానంగా వినండి. కోడి ఒంట్లో వేడి సుమారు 41 డిగ్రీలు. గుడ్డు బయటికి వచ్చినప్పుడు లోపల ఖాళీ అనేదే ఉండదు. బయటి గాలికి చల్లబడుతున్న కొద్దీ లోపలి సొన కుంచించుకుపోతుంది, ఆ ఖాళీలోకి రంధ్రాల గుండా బయటి గాలి దూరుతుంది. ఉడికించిన గుడ్డు ఒలిస్తే లావు వైపు చిన్న గుంట కనిపిస్తుందే, అది ఆ గాలి గది. ఇప్పుడు ఇదే పని నీళ్లలో జరిగిందనుకోండి. వెచ్చగా ఉన్న గుడ్డుని చన్నీళ్లలో ముంచితే సొన కుంచించుకుపోతుంది. ఈసారి లోపలికి లాగేది గాలిని కాదు, రెట్ట కలిసిన ఆ టబ్బు నీళ్లని. శుభ్రం చేస్తున్నామనుకుంటూ మురికిని మనమే లోపలికి ఎక్కిస్తున్నాం. మే నెలలో మన వంటగదిలో గట్టు మీద ఉన్న గుడ్డే 36, 38 డిగ్రీల వేడిలో ఉంటుంది. దానికి బోరు నీళ్లు కూడా చన్నీళ్లే.

అందుకే కడగాల్సి వస్తే గోరువెచ్చని నీళ్లు చాలవు, గుడ్డు కంటే నీళ్లే బాగా వేడిగా ఉండాలి. మణికట్టు మీద పోసుకుంటే వేడిగా తగలాలి, చురుక్కుమనకూడదు. నానబెట్టొద్దు. ధారగా పోస్తూ వేళ్లతో తుడవండి, వెంటనే పొడి గుడ్డతో ఒత్తండి, ఆ పూటే వండేయండి. సబ్బు వద్దు. వెనిగర్ అసలు వద్దు. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బనేటే, పులుపు తగిలితే అది కరుగుతుంది. నమ్మకం లేకపోతే ఒక గుడ్డుని వెనిగర్‌లో వేసి చూడండి, నిమిషంలో బుడగలు వస్తాయి.

మరి రెట్ట అంటిన గుడ్డు సంగతేంటి అంటారు. కొంచెం అంటితే ఇదిగో, ఎండు కొబ్బరి పీచు. మా అత్తయ్య వాడేది ఇదే. పొడిగా, మెల్లగా, మురికి ఉన్న చోట మాత్రమే గీకాలి. గుడ్డంతా గరగరా రుద్దకూడదు. సగం గుడ్డు రెట్టే ఉంటే దాన్ని దాచే ఆలోచన మానేయండి. వేడి నీళ్లతో కడిగి ఆ రోజే బాగా ఉడికించి తినేయండి. పగిలి సొన కారుతున్న గుడ్డు అయితే మొహమాటం లేకుండా పారేయండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. గుడ్డుకి వద్దన్న సబ్బు చేతులకి మాత్రం కావాలి.

అసలు మురికి అంటకుండా చూసుకుంటే ఈ గొడవే ఉండదు. కోళ్లు పెంచుకునేవాళ్లకి ఇదే ముఖ్యం. గుడ్లు పెట్టే గంపలో ఊకో, ఎండు గడ్డో దళసరిగా వేయండి, తడిస్తే ఆ రోజే మార్చండి. రాత్రి పెట్టలు గంపలో పడుకోకుండా చూడండి. పడుకున్న చోటే రెట్ట వేస్తాయి, పొద్దున అదే చోట గుడ్డు పెడతాయి. మా గూట్లో గంప కంటే ఎత్తున ఒక కర్ర అడ్డంగా కట్టాం. కోళ్లకి ఎత్తు మీద పడుకోవడం ఇష్టం కాబట్టి అవి ఆ కర్ర ఎక్కేస్తాయి. అది కట్టిన దగ్గర్నుంచి మురికి గుడ్డు వారానికి ఒకటో రెండో వస్తున్నాయంతే.

ఇప్పుడు ఎండాకాలం సంగతి. ఇక్కడ మా అత్తయ్య పద్ధతి కూడా సరిపోలేదు. ఆవిడ గుడ్లు కడగరు, తుడిచి బియ్యం డబ్బాలో పెడతారు. చలికాలంలో రెండు వారాలైనా బాగానే ఉంటాయి. కిందటి వేసవిలో మాత్రం ఆరో రోజు గుడ్డు కొడితే పచ్చసొన మీద ఎర్రగా నరాలు అల్లుకుని ఉన్నాయి. ఆవిడ చాలా బాధపడ్డారు, వారం రోజులు గుడ్డు ముట్టలేదు.

ఏం జరిగిందంటే, పెరట్లో పుంజు తిరుగుతుంటే నాటుగుడ్డులో జీవం ఉంటుంది. సుమారు 21 డిగ్రీల లోపు చల్లదనంలో అది ఎదగకుండా ఆగి ఉంటుంది. పొదగడానికి కావలసిన వేడి 37న్నర డిగ్రీలు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఇంటి లోపల ఎంత వేడి ఉంటుందో మీకు నేను చెప్పాలా? పెట్ట పొదగకపోయినా గదే పొదుగుతుంది. పూర్తిగా ఎదగదు, సగంలో చచ్చిపోతుంది, గుడ్డు పాడవుతుంది. అందుకని వేసవిలో నాటుగుడ్లు రోజుకి రెండుసార్లు ఏరుకోండి, ఏరిన గంటలో ఫ్రిజ్‌లో పెట్టండి. ఫారం గుడ్లకి ఈ బెడద లేదు, అక్కడ పుంజులే ఉండవు. ఫారం గుడ్డులో ఎప్పుడైనా చిన్న నెత్తుటి చుక్క కనిపిస్తే అది పిల్ల కాదు. గుడ్డు తయారవుతున్నప్పుడు పెట్ట లోపల సన్నటి నరం చిట్లి పడిన చుక్క. తీసేసి వండుకోవచ్చు.

ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టాలి? కంపెనీవాళ్లు డోరులో గుంటలు చేసి ఇస్తారు గానీ, మనం డోరు తీసిన ప్రతిసారీ వేడి గాలి తగిలేది అక్కడే. లోపలి అరలో, మూత ఉన్న డబ్బాలో పెట్టండి, సన్న వైపు కిందికి. గాలి గది పైన ఉంటే పచ్చసొన నడిమధ్య నిలుస్తుంది. మూత ఎందుకంటే, ఆ రంధ్రాల గుండా వాసనలు కూడా వెళ్తాయి. ఎండుచేపల పక్కన పెట్టిన గుడ్లతో మా చెల్లెలు కేకు చేసింది, ఎవరూ తినలేకపోయాం.

ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టినదాన్ని మళ్లీ బయట పెట్టి ఉంచకండి. చల్లటి గుడ్డుకి చెమట పడుతుంది, ఆ తడి క్రిములకి దారి. రెండు గంటల లోపు వాడేయాలి. పచ్చి గుడ్లు ఫ్రిజ్‌లో మూడు వారాల దాకా నేను నిశ్చింతగా వాడతాను. ఉడికించినవి వారం దాటనివ్వను. ఉడికితే పైపూత పోతుంది కాబట్టి అవే ముందు పాడవుతాయి. అన్నట్టు, పులుసులోకి గుడ్లు ఒలుస్తుంటే పెంకుతో పాటు తెల్లసొన ఊడొస్తోందని బాధపడుతుంటారు చూడండి, అది మరీ తాజా గుడ్డు. వారం రోజులైన గుడ్డు చక్కగా ఒలుస్తుంది. పులుసుకి పాతవి, ఆమ్లెట్‌కి కొత్తవి తీసుకోండి.

అమెరికాలో ఉన్న మా అక్క ఇది విని పోట్లాడింది. "ఇక్కడ షాపులో గుడ్లన్నీ కడిగినవే, ఏం కావట్లేదు కదా" అని. నిజమే. అక్కడ వేడి నీళ్లతో మిషన్ల మీద కడిగి, క్రిములు చచ్చే మందు పట్టించి, ఆరబెట్టి, ఆ తర్వాత సుమారు 7 డిగ్రీల లోపు చల్లదనంలోనే ఉంచుతారు. ఫారం నుంచి ఇంటి దాకా ఆ చల్లదనం తెగదు. యూరప్‌లో ఇందుకు సరిగ్గా ఎదురు. అక్కడ షాపుల్లో అమ్మే మొదటి రకం (క్లాస్ ఎ) గుడ్లు కడగకూడదనే నిబంధన ఉంది. మన దగ్గర తణుకు, అనపర్తి ఫారాల నుంచి ముప్పై గుడ్ల అట్టల్లో లారీ ఎక్కి వచ్చేవి ఎక్కువగా కడగనివే, చల్లదనమూ లేనివే. అందుకే వాటి మీద ఆ పూత మనకి మరీ అవసరం. అక్కా, నువ్వు అక్కడ ఫ్రిజ్‌లోంచి కొన్నవి ఇంట్లోనూ ఫ్రిజ్‌లోనే పెట్టు, అవి బయట ఉండకూడదు.

నీళ్లలో వేసి చూసే పరీక్ష మీకు తెలిసే ఉంటుంది. అడుగున పడుకుంటే తాజాది, నిలబడితే పాతది, తేలితే పారేయాలి. కానీ అది వయసు చెప్తుందే తప్ప, లోపల సాల్మొనెల్లా అనే, వాంతులు విరేచనాలు తెచ్చే క్రిమి ఉందో లేదో చెప్పదు. ఆ క్రిమి పెట్ట కడుపులోనే గుడ్డులోకి చేరొచ్చు. అప్పుడు పెంకు అద్దంలా ఉన్నా, కడిగినా, పరీక్షించినా ఉపయోగం ఉండదు. దాన్ని చంపేది మంటే. 71 డిగ్రీలు తగలాలి, అంటే రెండు సొనలూ గట్టిపడాలి. పాలలో పచ్చి గుడ్డు కొట్టి పిల్లలకి తాగించేవాళ్లు, పెద్దమనిషైన ఆడపిల్లకి నువ్వుల నూనెతో పచ్చి గుడ్డు ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. ప్రేమతోనే ఇస్తారు, నాకు తెలుసు. కానీ పచ్చి గుడ్డులో మాంసకృత్తులు సగం దాకానే ఒంటపడతాయి, ఉడికిస్తే తొంభై శాతం దాకా పడతాయి. దయచేసి ఉడికించి పెట్టండి. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ని నిషేధించింది కూడా, అది తిని మనుషులు ఆసుపత్రి పాలయ్యాకే. గర్భిణులు, చంటిపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో హాఫ్ బాయిల్ కూడా వద్దంటాను.

రేపు మా మరిది హైదరాబాద్ వెళ్తున్నాడు. గుడ్లు పంపుతున్నాను, ఎలా సర్దుతానో చూడండి. ఫ్రిజ్‌లో పెట్టినవి పంపట్లేదు, బస్సులో చెమట పడతాయి. నిన్నా ఇవాళా పెట్టినవి, కడగనివి. స్టీలు క్యాన్లో అడుగున పొడి ఊక, దాని మీద ఒక వరస, సన్న వైపు కిందికి, మళ్లీ ఊక. ఒకదానికొకటి తగలకూడదు. రాత్రి బస్సే ఎక్కమన్నాను, ఎండ తగలదు. ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో తేదీ రాశాను, స్కెచ్ పెన్ అయితే సిరా లోపలికి దిగుతుంది. దిగగానే తోడికోడలు ఇవి కడక్కుండా ఫ్రిజ్‌లో పెడుతుంది. రాత్రే ఫోన్ చేసి చెప్పాను.