రొయ్యల క్రీమ్ పాస్తా: రుచంతా తలల్లోనే ఉంది

నమస్కారమండీ. ఈ రాత్రి భోజనానికి రొయ్యల క్రీమ్ పాస్తా, ఇద్దరికి. రొయ్యలు ఒలిచి ఉంటే అరగంటలో పళ్ళెంలోకి వస్తుంది. ఇంట్లో చేసిన ఈ పాస్తా చప్పగా ఉందంటే చాలామంది ఇంకాస్త క్రీమ్ పోస్తారు, పైన చీజ్ తురుముతారు. అసలు రుచి అప్పటికే రొయ్య తలలతో, పెంకులతో కలిసి చెత్తబుట్టలోకి వెళ్ళిపోయి ఉంటుంది.

అందుకని మన పని బజారు దగ్గరే మొదలు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కొన్నా, పెదజాలారిపేట వైపు కొన్నా, రొయ్యలు ఒలిచే ఆవిడతో ముందే చెప్పండి: "అమ్మా, తలలు, పెంకులు పారేయకు, వేరే కవర్లో వేసి ఇచ్చీ." అరకిలో చాలు. సైజు 40 కౌంట్ అడగండి, అంటే కిలోకి 40. అరకిలోకి 20 వస్తాయి, మనిషికి పది. ఒలిచాక కండ సుమారు 250 గ్రాములు తేలుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం కాబట్టి ఆ 61 రోజులూ సముద్రపు రొయ్య తక్కువగా దొరుకుతుంది. అప్పుడు చెరువుల్లో పెంచే వనామి రొయ్య తీసుకోండి. ఈ వంటకి దానికేం తక్కువ లేదు.

తల ఒంటికి గట్టిగా అతుక్కుని ఉందా చూడండి. రొయ్యలో ముందు పాడయ్యేది తలే. ఊడిపోతున్నా, మెడ దగ్గర నల్లబడినా, ఘాటు వాసన కొట్టినా ఆ తలలు వాడకండి. బాగున్న తలలకు కళ్ళున్న ముందు కొస కత్తెరతో కత్తిరించేయండి. కడుపు సంచి అక్కడే ఉంటుంది, చేదు దానివల్లే. వీపు మీది నల్ల నరం కూడా తీసేయాలి.

ఇప్పుడు రెండు పొయ్యిలూ వెలిగిద్దాం. ఒకదాని మీద లీటరున్నర నీళ్ళు, రెండు టీస్పూన్ల ఉప్పు. రెండో దాని మీద బాణలి, ఒక టేబుల్ స్పూన్ నూనె. నూనె కాగాక తలలు, పెంకులు వేసి పెద్ద మంట మీద నాలుగు నిమిషాలు వేయించండి. రంగు చూడండి, బూడిద రంగు పోయి ఎర్రబడుతోంది. ఆ రంగు పచ్చి రొయ్యలోనూ ఉంది, కాకపోతే మాంసకృత్తుని అంటిపెట్టుకుని ఉంటుంది. వేడికి విడివడి నూనెలో కరుగుతుంది. నీళ్ళలో అంతగా కరగదు, అందుకే ముందు వేయించి తర్వాత ఉడకబెట్టేది. గరిటెతో తలలు నొక్కండి, లోపలి కొవ్వు బయటికి రావాలి. కప్పున్నర నీళ్ళు పోసి పది నిమిషాలు మరగనిచ్చి వడకట్టండి. ముప్పావు కప్పు నారింజ రంగు రసం వస్తుంది. పెంకుల పని అయిపోయింది.

నీళ్ళు తెర్లుతున్నాయి. 200 గ్రాముల పెన్నే, అంటే గొట్టాల్లా ఉండే పాస్తా, వేయండి. గోధుమ రవ్వతో చేసిందా, మైదాతోనా ప్యాకెట్ మీద చూసి కొనండి. మైదాది సాసులో పడగానే మెత్తబడి ముద్దవుతుంది. ప్యాకెట్ మీద 11 నిమిషాలని ఉంటే తొమ్మిదికే తీసేయాలి, మిగతా రెండు నిమిషాలూ అది సాసులో ఉడుకుతుంది. తీసే ముందు ఒక కప్పు గంజి పక్కన పెట్టుకోండి. ఉడికాక చన్నీళ్ళతో కడగొద్దు. పైనున్న పిండే సాసుని పట్టుకునేది.

రొయ్యల్ని గుడ్డతో బాగా అద్దండి. పసుపు ఉప్పు రాసి కడిగే అలవాటుంటే కడగండి గానీ, తర్వాత తడి పూర్తిగా పోవాలి. తడి రొయ్య వేగదు, తన నీళ్ళలో తనే ఉడుకుతుంది. పావు టీస్పూన్ ఉప్పు, కొంచెం మిరియాల పొడి చాలు. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా దయచేసి వద్దు. వాటి ఘాటు కింద రసం కనబడదు.

అదే బాణలి తుడిచి, స్పూను నూనె, పెద్ద మంట. పదేసి చొప్పున రెండు వాయిలు. ఒక వైపు నిమిషం, తిప్పాక 40 సెకన్లు. రొయ్య ఇంగ్లీషు 'సి' అక్షరంలా వంగిందంటే తీసేయండి. రెండు కొసలూ కలిసి సున్నా చుట్టిందంటే రబ్బరు. కొంచెం ముందే తీసినా ఫర్వాలేదు, పళ్ళెంలో ఆ వేడికే మిగతాది ఉడుకుతుంది.

మంట తగ్గించండి. 20 గ్రాముల వెన్న, సన్నగా తరిగిన ఆరు వెల్లుల్లి రెబ్బలు, అర ఉల్లిపాయ. వెల్లుల్లి ఎర్రబడకూడదు, చేదెక్కుతుంది. రెండు నిమిషాల తర్వాత రొయ్యల రసం పోసి సగానికి ఇగరబెట్టండి. రుచి చిక్కబడేది ఇక్కడే, తొందరపడి ఈ పని వదిలేయొద్దు.

ఇక క్రీమ్. డబ్బాలో వచ్చే ఫ్రెష్ క్రీమ్ 120 మిల్లీలీటర్లు, ఫ్రిజ్‌లోంచి ముందే తీసి ఉంచండి. మన దగ్గర మామూలుగా దొరికేదాంట్లో కొవ్వు 25 శాతం. గట్టిగా మరిగినా, పులుపు తగిలినా ఇది విరుగుతుంది. అందుకే సన్న మంట, అంచుల్లో చిన్న బుడగలొస్తే చాలు. కేకుల మీద వేసే విప్పింగ్ క్రీమ్ చాలావరకు తియ్యగా ఉంటుంది, అది తేకండి. ఇంటి మీగడ వాడొచ్చు, రెండు స్పూన్ల పాలతో గిలక్కొట్టి వేయండి. కానీ వెన్న కోసం తోడేసి దాచిన మీగడ అయితే కాదు, పులిసి ఉంటుంది, వేసిన క్షణంలో పలుకులు పలుకులుగా విరిగిపోతుంది.

పాస్తా వేసి, పావు కప్పు గంజి పోసి, రెండు నిమిషాలు కలుపుతూనే ఉండండి. క్రీమ్‌నీ రసాన్నీ కలిపి ఉంచేది ఈ గంజే. బిగుసుకుంటే ఇంకాస్త పోయండి, ఉప్పు మాత్రం చూసుకుంటూ. దించేటప్పుడు కాస్త జారుగానే ఉండాలి. బల్ల మీదికి వెళ్ళేలోపు పాస్తా పీల్చేసుకుంటుంది. పొయ్యి మీదే సరిగ్గా ఉందనిపిస్తే పళ్ళెంలో గట్టిపడుతుంది.

ఆఖరి అరనిమిషంలో రొయ్యలు, పళ్ళెంలో ఊరిన నీళ్ళతో సహా. పొయ్యి కట్టేశాకే టీస్పూన్ నిమ్మరసం, మిరియాల పొడి, ఉల్లికాడలు. ఇటలీలో సముద్రపు వాటితో చీజ్ సాధారణంగా వేయరు. ఇక్కడ చీజ్ క్యూబులు వేస్తే సాసు జిగురవుతుంది, రొయ్య వాసన పోతుంది. పిల్లలు పట్టుబడితే వాళ్ళ పళ్ళెంలో తురమండి, బాణలిలో వద్దు.

రొయ్యలకు తోడు స్క్విడ్ కూడా వేయాలనుకుంటే చక్రాలుగా కోసి, పెద్ద మంట మీద నిమిషం, అంతే. మూడు నిమిషాలు దాటితే మళ్ళీ మెత్తబడటానికి అరగంట పడుతుంది. వంజరం ముక్కలైతే విడిగా వేయించి పైన పెట్టండి, కలిపితే పొడైపోతాయి. పీతలు ఆదివారానికి ఉంచండి, వలుచుకునేసరికి పాస్తా చల్లారిపోతుంది.

మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడే తినేయండి. వేడి చేసేటప్పుడు రొయ్యలు పక్కకి ఏరి, పాస్తాని రెండు స్పూన్ల పాలతో సన్న మంట మీద వదులు చేసి, బాగా వేడెక్కాక చివర్లో రొయ్యలు కలిపి, అవీ వేడెక్కగానే దించేయండి.