ఫైలు పేరు జోలికి వెళ్ళకండి

ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు నమస్కారం. పరిచయంలో నా గురించి చెప్పినదాంట్లో సగం తీసేయండి. ఆటోమేషన్ గురించి మాట్లాడమన్నారు. నేను మాత్రం బ్యాచ్ ఫైళ్ళ గురించే, అంటే విండోస్‌లో కమాండ్లు వరసగా రాసిపెట్టి ఒకేసారి నడిపే చిన్న స్క్రిప్టుల గురించే మాట్లాడతాను, ఎందుకంటే నాకో కోపం ఉంది. "ఫైళ్ళకి ఇంగ్లీషులో పేర్లు పెట్టుకోండి సార్, మధ్యలో స్పేస్ ఇవ్వకండి, గుర్తులు వాడకండి" అంటారే, ఆ మాట మీద కోపం.

మా ఊళ్ళో ఒక ఫోటో స్టూడియో ఉంది. ఓనరు తెలుగులోనే పేర్లు పెడతాడు. ఫోల్డరు "లక్ష్మి & రవి పెళ్ళి". లోపల కెమెరా ఇచ్చిన డీఎస్‌సీ_0001 లాంటి ఫోటోలు వందల్లో, ఆల్బమ్‌కి ఎంచి పేరు పెట్టినవి కొన్ని. ఎంచినవి పెన్‌డ్రైవ్‌కి ఎక్కాక, దానిలోని పేర్లను డిర్ స్లాష్ బి (పేర్లు మాత్రమే చూపే కమాండ్) తో ఒక టెక్స్ట్ ఫైలులోకి తీసి, ఆ జాబితా ప్రకారం సిస్టమ్‌లో ఉన్నవాటిని తుడిచే స్క్రిప్టు ఎవరో రాసిచ్చారు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ సిస్టమ్‌లో కమాండ్ ప్రాంప్ట్, అంటే కమాండ్లు నడిపే ఆ నల్ల తెర, వాడే కోడ్ పేజీ 437. కోడ్ పేజీ అంటే అక్షరాల పట్టిక, గడికో అక్షరం. అది 1981 నాటి ఐబీఎం పీసీతో వచ్చింది, మొత్తం 256 గళ్ళు, ఒక్కదాంట్లోనూ తెలుగు లేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫైల్ సిస్టమ్) డిస్క్ మీద పేరు యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకీ కోడ్‌లున్న పద్ధతిలో, భద్రంగానే ఉంటుంది. జాబితాను ఫైలులోకి మళ్ళించినప్పుడు మాత్రం గడి దొరకని ప్రతి కోడ్‌కీ ఒక ప్రశ్నార్థకం పడుతుంది. "పెళ్ళికూతురు" మన కంటికి ఐదక్షరాలే. గుణింతాలు, పొల్లు విడివిడిగా లెక్కేస్తే పన్నెండు కోడ్‌లు. అంటే పన్నెండు ప్రశ్నార్థకాలు.

ఫైళ్ళను తుడిచే డెల్ కమాండ్‌కి ప్రశ్నార్థకం అంటే ఏంటి? చెప్పండి, వెనక బెంచీ! వైల్డ్‌కార్డ్. ఏ అక్షరమైనా సరే అని. వరసలో చివరివి ఖాళీగా ఉన్నా ఒప్పుకుంటుంది. కాబట్టి పన్నెండు అక్షరాలలోపు పేరున్న ప్రతి ఫోటో దానికి సరిపోతుంది. డీఎస్‌సీ_0001 ఇంగ్లీషులో ఎనిమిదే కదా. తాళి కట్టిన ఫోటోతో సహా అన్నీ పోయాయి. రీసైకిల్ బిన్‌లో కూడా ఉండవు, డెల్ అక్కడికి పంపదు. స్క్రిప్టు రాసినాయన వచ్చి, "తెలుగులో పేరు పెట్టారు కాబట్టే ఇలా అయింది" అని ఓనరుకే క్లాసు పీకి వెళ్ళాడు!

ఆ స్క్రిప్టులో పైన సీహెచ్‌సీపీ 65001 అని కోడ్ పేజీ మార్చే ఒక్క లైను ఉంటే జాబితా యూటీఎఫ్-8లో, అంటే యూనికోడ్‌లోనే వచ్చేది. తెర మీద డబ్బాలు కనిపిస్తే కంగారు పడకండి, అది ఫాంటు లోపం. జాబితా ఫైలు తెరిచి చూడండి. అందులో ప్రశ్నార్థకాలుంటే మాత్రం పేరు పోయినట్టే, అక్కడే ఆగండి.

మిగతావి త్వరగా చెప్తాను, హెచ్ఓడీ గారు వాచీ చూస్తున్నారు. జాబితాను ఒక్కో లైనుగా చదివే ఫర్ స్లాష్ ఎఫ్ కమాండ్ స్పేస్ దగ్గర పేరును తెంపేస్తుంది, "లక్ష్మి" ఒక్కటే చేతికొస్తుంది. ఎక్కడ తెంపాలో చెప్పే డిలిమ్స్‌ని, డిలిమ్స్ ఈక్వల్ టు అని రాసి ఖాళీగా వదిలితే పేరు మొత్తం వస్తుంది. ఆ పేరును వేరియబుల్‌లో పెట్టి, కోట్స్ లేకుండా పర్సెంట్ గుర్తులతో ఎకో చేస్తే, అంటే తెర మీద చూపించమంటే, & దగ్గర లైను రెండవుతుంది. తర్వాతి ముక్కను కమాండ్ అనుకుని 'రవి' అనే ప్రోగ్రామ్ లేదంటుంది. పాపం పెళ్ళికొడుకు!

ఇక "హ్యాపీ బర్త్‌డే!" లాంటి పేర్లు. డిలేడ్ ఎక్స్‌పాన్షన్, అంటే ఆశ్చర్యార్థకాల మధ్య రాసినదాన్ని వేరియబుల్‌గా చదివే పద్ధతి, మొదటి నుంచే ఆన్‌లో ఉంటే ఆశ్చర్యార్థకం మాయమవుతుంది, ఫైలు దొరకలేదంటుంది. అందుకని లూప్ లోపల ముందు సెట్‌తో పేరు పట్టుకోండి, ఆ తర్వాతే సెట్‌లోకల్‌తో ఆ పద్ధతి ఆన్ చేయండి, పని కాగానే ఎండ్‌లోకల్‌తో ఆపేయండి.

బాబూ, మీరు రాసిన స్క్రిప్టు ఎవరికైనా ఇచ్చేముందు ఒక ఫోల్డరులో స్పేస్ ఉన్న పేరు, &, !, %, ^ ఉన్న పేర్లు, ఒక తెలుగు పేరు పెట్టి నడపండి. మొదటిసారి డెల్ ముందు ఎకో చేర్చి, ఏం తుడవబోతోందో కళ్ళతో చూడండి. ల్యాబ్ తాళాలు ఎవరి దగ్గరున్నాయి? భోజనాల లోపు ఒకసారి నడిపి చూద్దాం.