పాత సినిమా రికార్డులు: కొనేముందు ఏం చూడాలి?

[దృశ్యం: కావలి దగ్గర ఒక పల్లె. అటక మీద నుంచి దించిన ట్రంకు పెట్టె.]

నమస్కారం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత సినిమా రికార్డులు కావాలంటే ముందు మైక్ సెట్ వాళ్ల ఇళ్లకు వెళ్లండి. పెళ్లికైనా తిరునాళ్లకైనా పాట వేసింది వాళ్లే. క్యాసెట్లు వచ్చాక ఆ రికార్డులన్నీ ఇలా పెట్టెల్లో మూలన పడ్డాయి.

[దగ్గరగా: అట్ట మీద సిరా రాత]

ఈ అట్ట చూడండి. నీలం సిరాతో సెట్టు పేరు రాసుకున్నారు. ఒక పాట పక్కన నక్షత్రం గుర్తు పెట్టారు. జనం మళ్లీ మళ్లీ అడిగిన పాట అదే అయ్యుంటుంది. కాబట్టి ముందు ఆ వైపే పరీక్షించాలి. ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టుకోండి. నల్లగా మెరిస్తే బాగున్నట్టు. బూడిదరంగు తేలిందంటే ముల్లు బరువుకి గాడి అరిగిపోయింది. పైపైన సన్నటి గీతలుంటే పర్వాలేదు, అరుగుదలకి మాత్రం మందు లేదు.

[దృశ్యం: మూడు సైజుల రికార్డులు పక్కపక్కన]

ఏడంగుళాల ఈపీ, పన్నెండంగుళాల ఎల్పీ వినైల్ అనే ప్లాస్టిక్‌వి. ఈ పదంగుళాల 78, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు, మాత్రం లక్కతో చేసింది. వైపుకి మూడు నిమిషాల చిల్లరే పడుతుంది. సినిమాలో పాట ఐదు నిమిషాలుంటే కుదించాలి, లేదంటే రెండు వైపులా ఎక్కించాలి. తొలి టాకీల రోజుల్లో రికార్డు కోసం పాటను విడిగా మళ్లీ పాడించిన సందర్భాలూ ఉన్నాయి. అంటే తెర మీద విన్నది ఒకటి, ప్లేటులో ఉన్నది ఇంకొకటి. పైగా ఆ కాలపు సినిమాల్లో చాలావాటికి ప్రింట్లే మిగల్లేదు. అందుకే పాత టాకీ ప్లేటు గరగరమన్నా వదలొద్దంటాను.

సంభాషణల రికార్డులు కూడా వెతకండి. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ డైలాగులు ఊరూరా మైకుల్లో మోగాయి. నాకు పాటల కంటే అవే ఎక్కువ ఇష్టం.

నెల్లూరు వాళ్లం కదా, బాలు గారి తొలి రోజుల రికార్డంటే మనసు లాగుతుంది. ఆయన మొదట పాడిన సినిమా శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న 1967లో విడుదలైంది. అలాంటివి దొరికితే తొందరపడకండి, అప్పటి అచ్చా, తర్వాత మళ్లీ వేసిందా చూడండి. లేబుల్ మీద కేటలాగు నంబరు ఉంటుంది. పాట అయ్యాక లేబుల్ దాకా ఉండే నున్నటి జాగాలో ఇంకో నంబరు ఒత్తి ఉంటుంది. రెండూ ఫొటో తీసుకుని, తెలిసినవాళ్ల దగ్గరున్న కాపీతో పోల్చాకే డబ్బులివ్వండి. 1980 నాటి శంకరాభరణం ఎల్పీ గొప్పదే, కానీ బాగా అమ్ముడైంది. అరుదైనదని చెప్పి ధర పెంచితే బేరం ఆపేయండి.

[దృశ్యం: మెత్తటి గుడ్డ, గిన్నెలో నీళ్లు]

ఇది మాత్రం మర్చిపోవద్దు. 78ని స్పిరిట్‌తో తుడవకూడదు, లక్క కరిగిపోతుంది. మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డ చాలు, లేబుల్‌కి తడి తగలనివ్వకండి. మన ఎండలకి వినైల్ వంకర పోతుంది, కారులో వదిలేయకండి. ఇంట్లో నిలువుగానే పేర్చండి.

ప్లేయర్ ఉంది కదా అని వెంటనే పెట్టేయకండి. ఎల్పీ ముల్లు సన్నం, 78 గాడి వెడల్పు. ముల్లు అడుగుకి దిగి పాట కంటే రొదే ఎక్కువ వినిపిస్తుంది. 78కి వేరే ముల్లు అమ్ముతారు. అది తెచ్చుకున్నాకే ప్లేటు తిప్పండి.